సీబీసీటీ స్లిప్పులో పన్ను నంబరు ఒక్కటే రాస్తే చాలదు

స్కాన్ సెంటర్లకు వచ్చే రిఫరల్ స్లిప్పుల్లో చాలావాటి మీద రెండే మాటలుంటాయి: "సీబీసీటీ, 36". సీబీసీటీ అంటే కోన్ బీమ్ సీటీ, పళ్లనూ దవడలనూ త్రీడీలో చూపే స్కాన్. 36 అంటే కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను. ఏ పన్నో తెలిసింది, బాగానే ఉంది. కానీ ఆ పంటి గురించి ఏం తెలుసుకోవాలి? రూట్ కెనాల్ చేసిన వేరు చీలిందేమో చూడాలా? పన్ను తీసేసిన చోట ఇంప్లాంట్‌కు ఎముక కొలవాలా? వేరు కొన దగ్గరున్న సిస్టు ఎంతవరకు పాకిందో చూడాలా? ఈ మూడింటికీ మూడు రకాల స్కాన్‌లు. ఎంత మేర తీయాలి, వాక్సెల్ (త్రీడీ చిత్రంలో అతి చిన్న ఘనపు ముక్క) ఎంత ఉండాలి, పళ్లు కరిపించి తీయాలా, మధ్యలో దూది పెట్టి తీయాలా, అన్నీ ఆ ప్రశ్నను బట్టే తేలతాయి. ప్రశ్న లేని స్లిప్పు వస్తే టెక్నీషియన్ తనకు అలవాటైన సెట్టింగే నొక్కుతాడు. అప్పుడు పేషెంటుకు పడాల్సిన దానికన్నా ఎక్కువ రేడియేషన్ పడుతుంది, డాక్టరుకు కావలసింది మాత్రం కనిపించదు.

యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే ఈ తేడాలు ఎందుకొస్తాయో తెలుస్తుంది. మెడికల్ సీటీలో ఎక్స్‌రే పలుచటి పట్టీలా వెళ్తుంది. పేషెంటు పడుకున్న బల్ల జరుగుతుంటే ట్యూబు మళ్లీ మళ్లీ చుట్టూ తిరుగుతుంది. సీబీసీటీలో కిరణాలు శంకువు ఆకారంలో బయల్దేరి, కావలసిన మేర మొత్తాన్నీ ఒకేసారి దాటుకుని ఎదురుగా ఉన్న ఫ్లాట్ ప్యానెల్ మీద పడతాయి. ట్యూబు, ప్యానెల్ కలిసి తల చుట్టూ ఒకే ఒక్క చుట్టు తిరుగుతాయి. కొన్ని యంత్రాల్లో అది పూర్తి 360 డిగ్రీలు, కొన్నింట్లో 180 డిగ్రీల పైచిలుకు. ఆ ఒక్క చుట్టులో 150 నుంచి 600 దాకా చిత్రాలు తీస్తాయి. తిరగడానికి 10 నుంచి 40 సెకన్లు పడుతుంది. చాలా యంత్రాల్లో కిరణం ఆగి ఆగి వస్తుంది కాబట్టి అసలు ఎక్స్‌పోజర్ సమయం అంతకన్నా తక్కువే.

ఆ చిత్రాలన్నింటినీ కలిపి త్రీడీగా మార్చే లెక్కను 1984లో ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ అనే ముగ్గురు ఫోర్డ్ మోటార్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేస్తూ ప్రచురించారు. కార్ల కంపెనీలో పుట్టిన లెక్క పళ్ల దాకా రావడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. 1998లో ఇటలీలోని వెరోనాలో మొజ్జో బృందం న్యూటామ్ 9000 యంత్రం వివరాలను ప్రచురించింది. 1999లో జపాన్‌లో అరాయ్ బృందం మరో యంత్రం గురించి రాసింది. వెరోనా యంత్రం ముఖంలో ఎక్కువ భాగాన్ని పట్టేది, అరాయ్ యంత్రం రెండు మూడు పళ్లు పట్టేంత మేరనే తీసేది. "ఎంత మేర తీయాలి" అన్న ప్రశ్న ఈ యంత్రాలతో పాటే పుట్టిందన్నమాట.

ఆ మేరనే ఎఫ్ఓవీ అంటాం. ఒకటి రెండు పళ్ల సమస్యకు 4×4 లేదా 5×5 సెం.మీ. సరిపోతుంది. ఒక దవడ మొత్తానికి 8×5, రెండు దవడలకూ కలిపి 8×8 లేదా 10×10, ఆర్థోగ్నాథిక్ సర్జరీ (దవడల అమరిక సరిచేసే ఆపరేషన్) లాంటి వాటికి 15 సెం.మీ. పైన. కొలతలు కంపెనీని బట్టి కొద్దిగా మారతాయి. ఒక్క పంటి కోసం వచ్చిన మనిషికి "ఎలాగూ తీస్తున్నాం కదా" అని రెండు దవడలూ తీసేయడం మన దగ్గర మామూలైపోయింది. అది తప్పు. తప్పని చెప్పడానికి రేడియేషన్ ఒక్కటే కారణం కాదు. మేర పెరిగేకొద్దీ తలలో చెదిరే కిరణాలు ఎక్కువవుతాయి. అవి ప్యానెల్ మీద పడి చిత్రాన్ని మసకబారుస్తాయి. పైగా చాలా యంత్రాల్లో పెద్ద మేర ఎంచుకుంటే చిన్న వాక్సెల్ ఎంచుకునే వీలే ఉండదు. చిన్న మేరలో తీస్తే డోసు తగ్గుతుంది, చిత్రమూ మెరుగవుతుంది.

వాక్సెల్ సంగతి దగ్గర చాలామంది పొరబడతారు. సీబీసీటీ వాక్సెల్ అన్ని వైపులా సమానమైన ఘనం. సైజు 0.075 నుంచి 0.4 మి.మీ. దాకా ఉంటుంది. చిన్నదైతే మంచిదే అనుకుంటాం, కానీ దానికి ఖరీదుంది. వాక్సెల్ పక్క కొలత సగమైతే దాని ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది. అదే డోసుకు అందులోకి చేరే కిరణాలూ ఎనిమిదో వంతే, కాబట్టి చిత్రంలో గరుకుతనం సుమారు 2.8 రెట్లవుతుంది. దాన్ని కప్పిపుచ్చాలంటే డోసు పెంచాలి, లేదా ఎక్కువ చిత్రాలు తీయాలి. అంటే స్కాన్ సమయం పెరుగుతుంది, పేషెంటు కదిలే అవకాశమూ పెరుగుతుంది. ఫైలు కూడా బరువెక్కుతుంది. 8×8×8 సెం.మీ. మేరను 0.2 మి.మీ. వాక్సెల్‌తో తీస్తే 6 కోట్ల 40 లక్షల వాక్సెల్‌లు, సుమారు 128 ఎంబీ. అదే మేరను 0.1తో తీస్తే ఒక జీబీ దాటుతుంది. పాత ల్యాప్‌టాపులో ఆ వ్యూయర్ తెరుచుకోదు, డాక్టరు చివరికి ప్రింటు చూసి ఊరుకుంటారు.

ఇంకో విషయం. 0.1 వాక్సెల్ అంటే 0.1 మి.మీ. వస్తువు కనిపిస్తుందని కాదు. చెదిరే కిరణాలు, ఫోకల్ స్పాట్ (ట్యూబులో ఎక్స్‌రే పుట్టే చోటు) సైజు, పేషెంటు ఊపిరి, ఇవన్నీ కలిసి అసలు స్పష్టతను వాక్సెల్ కన్నా బాగా తగ్గిస్తాయి. ఇంప్లాంట్ కొలతలకు, జ్ఞానదంతాలకు 0.2 నుంచి 0.3 చాలు. వేరులో సన్నటి కాలువలు, చీలికలు, వేరు కరగడం లాంటివి వెతికేటప్పుడే 0.1 దరిదాపులకు వెళ్లాలి, అదీ చిన్న మేరలో.

డోసు గురించి పేషెంట్లు తప్పకుండా అడుగుతారు. 2015లో లడ్లో తదితర పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన కొలతలన్నీ కూర్చి చూస్తే పెద్దవాళ్లలో సగటున పెద్ద మేరకు 212, మధ్యరకానికి 177, చిన్న మేరకు 84 మైక్రోసీవర్ట్‌లు (శరీరానికి పడే రేడియేషన్ కొలత) తేలాయి. ప్రకృతిలో ఉండే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2400 మైక్రోసీవర్ట్‌లు కాబట్టి, 84 అంటే పదమూడు రోజులది. కానీ ఈ సగటులు చూసి ధీమా పడకూడదు. ఆ చిన్న మేరల్లోనే అత్యల్పం 5, అత్యధికం 652. యంత్రం, సెట్టింగు మారితే వంద రెట్లకు పైగా తేడా వస్తోందంటే "చిన్న ఎఫ్ఓవీ పెట్టాం" అనడం ఒక్కటే సరిపోదు. ఎంఏ (ట్యూబులో కరెంటు) ఎంత, ఎన్ని డిగ్రీలు తిప్పాం, హెచ్‌డీ మోడ్ నొక్కామా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. పిల్లల్లో ఇది ఇంకా ముఖ్యం. పైకి రాని కోరపన్ను ఎటు తిరిగి ఉందో, పక్క పన్ను వేరును తినేస్తోందో లేదో చూడటానికి 180 డిగ్రీల తక్కువ డోసు మోడ్ చాలాసార్లు సరిపోతుంది. మెత్తటి నున్నటి చిత్రం కోసం పన్నెండేళ్ల పిల్లకు పెద్దవాళ్ల సెట్టింగు పెట్టడానికి ఏ సాకూ లేదు.

ఇక పేషెంటును నిలబెట్టడం. చెడిపోయిన స్కాన్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోతాయి.

ముందు లోహం తీయించాలి. కమ్మలు, మాటీలు, చెవి పైభాగంలో పెట్టుకున్న చిన్న రాళ్లు, జడపిన్నులు, కళ్లజోడు, వినికిడి యంత్రం, తీసి పెట్టుకునే పళ్లసెట్టు. మన ఆడవాళ్లలో ముక్కుపుడక దగ్గర ఇబ్బంది వస్తుంది. మరతో బిగించిన పుడక ఏళ్ల తరబడి తీసి ఉండరు, సెంటర్లో తీయమంటే రాదు. పై ముందు పళ్ల స్కాన్ అయితే దాని గీతలు సరిగ్గా చూడాల్సిన చోటే పడతాయి. అందుకే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్లో చెప్పి, ఇంటి దగ్గర కంసాలి చేత తీయించుకుని రమ్మనడం మేలు. కింది వెనక పళ్లకే స్కాన్ అయితే, పుడక మేరకు బాగా పైన ఉంటుంది కాబట్టి బలవంతం చేయనక్కర్లేదు. పుస్తెలతాడు విషయమూ అంతే. గడ్డం కింది దాకా తీసే పెద్ద మేరలోనే అది అడ్డొస్తుంది, మిగతావాటికి మెడ వెనక్కి జరిపితే చాలు. మంగళసూత్రం తీయమని అందరినీ ఒకే పాటగా అడగడం అనవసరం.

తర్వాత తల. పళ్లు కొరికే తలం నేలకు సమాంతరంగా ఉండాలి, మధ్యగీత లేజర్ ముక్కు మీదుగా సరిగ్గా పోవాలి. గడ్డం ఆనించి, నుదుటి పట్టీ బిగించాలి. కూర్చునే యంత్రంలో కదలిక నిలబడే యంత్రంలో కన్నా తక్కువ. నిలబడే యంత్రమైతే చేతులు పిడుల మీదుండాలి, భుజాలు వదులుగా కిందికి జారాలి. పై పన్నుకు, కింది పన్నుకు మధ్య దూది చుట్టలు పెట్టాలి. లేకపోతే కింది పంటి మీది క్యాప్ గీతలు పై పంటి మీద పడతాయి, రెండు కొరికే తలాలు కలిసిపోయి సర్జికల్ గైడ్‌కు (ఇంప్లాంట్ డ్రిల్లుకు దారి చూపే అచ్చుకు) పనికిరావు. దవడ కీలు చూడాలంటే మాత్రం దూది వద్దు, వెనక పళ్లు గట్టిగా కరిపించి తీయాలి. పై ముందు పళ్ల దగ్గర ఇంప్లాంట్‌కైతే పెదవి లోపల దూది పెట్టి చిగురు నుంచి పెదవిని దూరంగా జరపాలి. అలా చేస్తే చిగురు మందం విడిగా కనిపిస్తుంది. చెయ్యకపోతే పెదవి, చిగురు ఒకే బూడిదరంగు ముద్దగా వస్తాయి. దీనికి రెండు దూది చుట్టలు చాలు, అయినా స్లిప్పులో అడగకపోతే ఎవరూ పెట్టరు.

చెప్పే మాటలు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. "ఒకసారి గుటక వేయండమ్మా. ఇప్పుడు కళ్లు మూసుకోండి. ముక్కుతో మెల్లగా ఊపిరి పీల్చుకోండి. మిషను మీ చుట్టూ తిరుగుతుంది, మిమ్మల్ని తాకదు. నేను చెప్పేదాకా గుటక వేయకండి, నాలుక కదపకండి." కళ్లు మూయించడం చాదస్తం కాదు. కళ్లు తెరిచి ఉంటే తిరిగే చెయ్యిని చూపు వెంబడిస్తుంది, చూపుతో పాటు తల జరుగుతుంది. 0.2 వాక్సెల్ స్కాన్‌లో అర మిల్లీమీటరు జరిగినా రెండు వాక్సెళ్లు దాటినట్టే. పిల్లలకు, భయపడే పెద్దవాళ్లకు ఎక్స్‌రే లేకుండా ఒక ఖాళీ చుట్టు తిప్పి చూపిస్తే రెండోసారి స్థిరంగా ఉంటారు. చాలా యంత్రాల్లో ఆ సదుపాయం ఉంది, వాడేవాళ్లే తక్కువ.

స్కాన్ అయ్యాక పేషెంటును కుర్చీలోంచి లేపకముందే యాక్సియల్ చిత్రం (తలను అడ్డంగా కోసినట్టు కనిపించేది) తెరిచి కింది దవడ అంచు చూడాలి. ఎముక పైపొర ఒకే తెల్లటి గీతలా కాకుండా రెండు గీతలుగా కనిపిస్తే కదిలినట్టే. పంటి ఎనామిల్ చుట్టూ నీడలాంటి రెండో అంచున్నా అంతే. అయినా వెంటనే మళ్లీ తీయకూడదు. అడిగిన ప్రశ్నకు ఆ చిత్రంలో జవాబు దొరుకుతుందా అని ముందు చూసుకోవాలి. కోరపన్ను అంగిలి వైపుందా పెదవి వైపుందా అన్నదే ప్రశ్న అయితే కొంచెం మసకగా ఉన్నా జవాబు తెలిసిపోతుంది. స్లిప్పులో ప్రశ్న రాయని చోట ఈ నిర్ణయం కూడా టెక్నీషియన్ చేతిలో ఉండదు.

లోహం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు రిపోర్టులకు అదే పెద్ద కారణం. ఎక్స్‌రేలో రకరకాల శక్తి ఉన్న కిరణాలు కలిసి ఉంటాయి. లోహం తక్కువ శక్తి ఉన్నవాటిని మింగేసి, ఎక్కువ శక్తి ఉన్నవాటినే వదులుతుంది. దాంతో కంప్యూటర్ లెక్క తప్పుతుంది. లోహం చుట్టూ, ముఖ్యంగా రెండు లోహాల మధ్య, నల్లటి పట్టీలు పుడతాయి. రెండు ఇంప్లాంట్‌ల మధ్య ఎముక మాయమైనట్టు, క్యాప్ కింద పన్ను పుచ్చినట్టు, ఇంప్లాంట్ చుట్టూ ఎముక కరిగినట్టు కనిపించేది ఇందుకే. ఇంప్లాంట్ పెట్టాక దాని పెదవివైపు ఎముక అర మిల్లీమీటరో ఆపైన కొద్దిగానో ఉంటే అది అసలు కనిపించకపోవచ్చు. కనిపించలేదు కాబట్టి లేదని రాయకూడదు.

అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది రూట్ కెనాల్ చేసిన వేరులో నిలువు చీలిక. గుట్టాపెర్చా (కాలువలో నింపే పదార్థం), లోహపు పోస్టు (వేరులో దింపే కడ్డీ) రెండూ వేరులో సన్నటి నల్ల గీతలు గీస్తాయి. అవి అచ్చం చీలికలాగే ఉంటాయి. ఆ గీత చూసి పన్ను తీసేయమని రాస్తే ఉండాల్సిన పన్ను పోతుంది. కొన్ని గుర్తులతో తేడా పట్టొచ్చు. నిజమైన చీలిక వరసగా కొన్ని యాక్సియల్ స్లైసుల్లో అదే చోట సాగుతుంది, రెండో తలంలోనూ కనిపిస్తుంది. దొంగగీత వేరు హద్దు దాటి ఎముకలోకి, తిన్నగా, పక్కనున్న మరో లోహం వైపు పోతుంది. గీత కన్నా ఎముకను నమ్మాలి. వేరు పొడవునా ఒకవైపు, ముఖ్యంగా పెదవివైపు, వేరు మధ్యభాగం దగ్గర ఎముక కరిగి ఉంటే, అదే చోట ప్రోబు (చిగురు పక్క లోతు కొలిచే సన్నటి పరికరం) లోతుగా ఒక్కచోటే దిగుతుంటే అనుమానం బలపడుతుంది. లోహపు గీతలు తగ్గించే సాఫ్ట్‌వేర్ బటన్ ఇక్కడ కాపాడదు. అది గీతలతో పాటు చీలికనూ తుడిచేయగలదు కాబట్టి ఆ బటన్ నొక్కని చిత్రం కూడా తప్పనిసరిగా చూడాలి. పోస్టు తీయగలిగితే తీసి, గుట్టాపెర్చా కొంత ఖాళీ చేసి స్కాన్‌కు పంపడం ఉత్తమం. స్లిప్పు మీద "వేరు చీలిక అనుమానం, పెదవివైపు 9 మి.మీ. ప్రోబింగ్" అని ఒక్క ముక్క రాసి ఉంటే రిపోర్టు రాసేవాళ్ల పని సగం అయిపోయినట్టే.

పై మొదటి మోలార్‌లో (పెద్ద దవడ పంటిలో) నాలుగో కాలువ వెతకడం కూడా ఇలాంటిదే. ఆ పళ్లలో సగానికి పైగా బుగ్గవైపు ముందు వేరులో రెండో కాలువ ఉంటుంది. రూట్ కెనాల్ చేసేశాక అది దొరకలేదని పంపుతారు. అప్పటికి పక్క కాలువలో నింపిన మందు మెరుస్తూ దాన్ని కప్పేస్తుంది. అయినా ఒక కిటుకుంది. యాక్సియల్ స్లైసులో మందు నింపిన కాలువ వేరుకు సరిగ్గా మధ్యలో ఉందా, ఒక పక్కకు జరిగి ఉందా చూడండి. పక్కకు జరిగి ఉంటే, ఖాళీగా మిగిలిన అంగిలివైపు భాగంలో మరో కాలువ ఉండే అవకాశం బాగా ఉంది.

జ్ఞానదంతాల విషయంలో ఓపీజీ (రెండు దవడలూ ఒకే చిత్రంలో కనిపించే మామూలు ఎక్స్‌రే) చూడకుండా సీబీసీటీ రాయడం సరికాదు. ఓపీజీలో నరపు కాలువ తెల్లగీత వేరు దగ్గర తెగిపోవడం, అక్కడ వేరు నల్లబడటం, కాలువ దారి మళ్లడం లాంటివి కనిపించినప్పుడే స్కాన్‌తో పనుంది. స్కాన్‌లో చూడాల్సింది "నరం తగులుతోందా" అన్నది మాత్రమే కాదు. కాలువ వేరుకు ఏ వైపుంది, నాలుక వైపా, బుగ్గ వైపా, వేర్ల మధ్యలోనా? మధ్యలో ఎముక పొర ఉందా, లేదా? కాలువ గుండ్రంగా ఉందా, నొక్కుకుపోయి డంబెల్‌లా ఉందా? నాలుక వైపుండి, పొర లేకుండా నొక్కుకుపోయిందంటే ప్రమాదం ఎక్కువ. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. స్కాన్ తీసినంత మాత్రాన నరం దెబ్బతినడం తగ్గుతుందని ఇప్పటివరకు జరిగిన పోలిక పరిశోధనలు చూపలేదు. స్కాన్ వల్ల మారేది సర్జన్ ప్లాను: పన్నును ఎటునుంచి ముక్కలు చేయాలి, కిరీటం (పంటి పైభాగం) వరకే తీసి వేర్లు వదిలేయాలా అన్నది.

ఇంప్లాంట్ కొలతల్లో పొరపాట్లు కంప్యూటర్ ముందే జరుగుతాయి. తల కొంచెం వంగి ఉన్న స్కాన్‌ను సరిచేయకుండా క్రాస్ సెక్షన్లు తీస్తే అవి ఎముకను ఏటవాలుగా కోస్తాయి, ఎత్తు అసలుకన్నా ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి ముందు వాల్యూమ్‌ను (మొత్తం త్రీడీ చిత్రాన్ని) తిప్పి ఆ దవడ తలాన్ని సమాంతరం చేయాలి, తర్వాతే వంపు గీత గీయాలి, 1 మి.మీ. ఎడంతో సెక్షన్లు తీయాలి. నరాన్ని గుర్తించడానికి రెండు చివర్ల నుంచి మొదలుపెట్టాలి. వెనక కాలువ ఎముకలోకి దిగే చోటు, ముందు మెంటల్ ఫొరామెన్ (నరం ఎముక బయటికి వచ్చే రంధ్రం) స్పష్టంగా ఉంటాయి. మధ్యలో, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, గోడ కనిపించని చోట స్లైసు మందం పెంచి రెండు చివర్లనూ కలుపుకురావాలి. కాలువ పైఅంచు నుంచి 2 మి.మీ. వదిలి ఇంప్లాంట్ పొడవు నిర్ణయించాలి. మెంటల్ ఫొరామెన్ ముందు నరం వెనక్కి మలుపు తిరిగే లూప్ మరిచిపోకూడదు. కింది మోలార్ చోట నాలుక వైపు ఎముక లోపలికి గుంటపడి ఉంటుంది. ఓపీజీలో అది కనిపించదు, పదహారు మి.మీ. ఎత్తుందని మురిపిస్తుంది. అక్కడ డ్రిల్లు నాలుకవైపు గోడ దాటితే నోటి అడుగున రక్తం చేరి శ్వాసకే అడ్డుపడొచ్చు. ఆ సెక్షన్ ఒక్కదాని కోసమైనా స్కాన్ తీయడం న్యాయమే.

సాఫ్ట్‌వేర్ చూపించే హెచ్‌యూ (సాంద్రత) అంకెలను చూసి "డీ2 ఎముక" అని ఎముక గట్టితనానికి తరగతి రాయడం మానేయాలి. చెదిరే కిరణాల వల్ల, మేర బయట ఉన్న తల భాగం లెక్కలోకి సరిగా రాకపోవడం వల్ల సీబీసీటీలో ఆ అంకెలకు స్థిరమైన విలువ లేదు. అదే ఎముక మేర మధ్యలో ఒక అంకె, అంచున మరో అంకె చూపిస్తుంది. అలాగే మెత్తటి కణజాలం ఇందులో చూడలేం. ముఖం వాచి చీము పాకిందన్న అనుమానం, నాలుక కేన్సరు ఎంత దిగిందన్న ప్రశ్న ఉంటే మెడికల్ సీటీకో ఎంఆర్ఐకో పంపాలి. దవడ కీలులోని డిస్కుకూ ఎంఆర్ఐయే.

స్కాన్‌లో పడ్డ ప్రతి భాగం చదవాల్సిన బాధ్యత రిపోర్టు రాసేవాళ్లది. 36 కోసం తీసినా, మేరలో సైనస్ పడితే అందులోని పొర మందం, పడిన దవడ కొసలో సిస్టు, మెడ పక్క రక్తనాళాల్లో సున్నపు మచ్చలు కనిపిస్తే రాయాలి. ఒక్క పంటికి పెద్ద మేర తీయొద్దనడానికి ఇది మరో కారణం. చదవని భాగం తీయడంలో అర్థం లేదు.

చివరికి చేతికిచ్చేది. మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది ఫిల్మునే అడుగుతారు. ప్రింటులో పక్కనుండే స్కేలు మీద నిజమైన స్కేలు పెట్టి 10 మి.మీ. పదే ఉందా చూడాలి. ప్రింటరులో కాగితానికి సరిపెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంటే కొలత మారిపోతుంది, ఆ ఫిల్ము మీద స్కేలు పెట్టి ఇంప్లాంట్ పొడవు తేల్చేవాళ్లున్నారు. ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిన సెక్షన్ మీద అయితే అసలే కొలవకూడదు. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో వ్యూయర్‌తో పాటు డైకామ్ ఫైళ్లు (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే అసలు స్కాన్ ఫైళ్లు) కూడా విడిగా ఉన్నాయో లేదో పేషెంటే అడిగి తీసుకోవాలి. కంపెనీ వ్యూయర్ ఒక్కటే ఇస్తే గైడ్ తయారుచేసే ల్యాబ్‌లో అది తెరుచుకోదు, ఆర్నెల్ల తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే మళ్లీ స్కాన్ తీయమంటారు.